ఏలియన్: ఐసొలేషన్ - పరిగెత్తితే బతకలేని గేమ్

ఈ గేమ్‌లో ఏలియన్ కంట పడ్డామంటే దాదాపు అయిపోయినట్టే. గది ఆ చివర నుంచి ఒక కేక వినిపిస్తుంది, మనం వెనక్కి తిరిగేలోపే అది మీద ఉంటుంది. మనం ఆడే పాత్ర అమాండా ఎంత పరిగెత్తినా దాని వేగం ముందు చాలదు. తుపాకీతో కాల్చినా అది చావదు, పైగా ఆ చప్పుడు విని ఎక్కడున్నా మన దగ్గరికే వస్తుంది. వేరే హారర్ గేముల్లో వేగంగా వెంటపడే శత్రువు ఎదురైతే మలుపులు తిరుగుతూ తప్పించుకోవచ్చు, లేదంటే బుల్లెట్లు దాచుకుని ఒకేసారి కాల్చి పడేయొచ్చు. ఇక్కడ ఆ రెండు దారులూ మూసేశారు. మొదట పీసీలో, తర్వాత ఫోన్‌లో ఏళ్ల తరబడి ఆడాక కూడా ఈ గేమ్ నాకు పాతబడలేదంటే కారణం అదే.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఇది 2014 అక్టోబర్ 7న వచ్చింది. తయారుచేసింది బ్రిటన్‌కి చెందిన క్రియేటివ్ అసెంబ్లీ, విడుదల చేసింది సెగా. టోటల్ వార్ లాంటి యుద్ధవ్యూహాల గేములకి పేరున్న స్టూడియో అది. కథ 2137లో, అంటే 1979 నాటి ఏలియన్ సినిమాలోని సంఘటనలు జరిగిన పదిహేనేళ్లకి మొదలవుతుంది. మనం ఆడేది ఎలెన్ రిప్లీ కూతురు అమాండాగా. తల్లి పనిచేసిన నోస్ట్రోమో నౌక ఏమైపోయిందో చెప్పగల ఫ్లైట్ రికార్డర్ సెవస్టపోల్ అనే అంతరిక్ష కేంద్రంలో ఉందని తెలిసి అక్కడికి వెళ్తుంది. వెళ్లేసరికి కేంద్రం సగం చీకట్లో ఉంటుంది, మిగిలిన మనుషులు ఒకరినొకరు నమ్మకుండా తుపాకులు పట్టుకుని తిరుగుతుంటారు. సినిమా చూడకపోయినా కథ అర్థమవుతుంది.

అసలు ఆట ఐదో మిషన్‌లో మొదలవుతుంది. శాన్ క్రిస్టోబల్ అనే ఆసుపత్రి విభాగం, అమాండాతో పాటు వచ్చి గాయపడిన టేలర్ కోసం మందులు తేవాలి, రేడియోలో డాక్టర్ కుల్మన్ దారి చెబుతుంటాడు. అంతకుముందు ఏలియన్ కనిపించినా అది ముందే రాసిపెట్టిన సీన్‌లా నడిచిపోతుంది. ఇక్కడ మాత్రం అది మనం తిరుగుతున్న వార్డుల్లోనే తన ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. చచ్చి మళ్లీ మొదలుపెడితే పోయినసారి వచ్చిన దారిలో రాదు. చాలామంది గేమ్‌ని ఇక్కడే వదిలేస్తారు. వదిలేయకండి. ఈ గేమ్‌లో బతకడానికి కావలసినదంతా ఈ ఒక్క మిషన్ నేర్పిస్తుంది, తర్వాత వచ్చేదంతా దాని మీద కట్టినదే.

ముందుగా నేర్పేది చెవులు పెట్టడం. ఏలియన్ వెంట్‌లో, అంటే గాలి గొట్టంలో ఉంటే పైకప్పులో రేకు దడదడలాడిన చప్పుడు వస్తుంది. నేల మీదకి దిగితే బరువైన అడుగులు వినిపిస్తాయి, అవి దగ్గరవుతున్నాయో దూరమవుతున్నాయో మంచి హెడ్‌ఫోన్స్‌లో స్పష్టంగా తెలిసిపోతుంది. మళ్లీ వెంట్‌లోకి ఎక్కేటప్పుడు వచ్చే చప్పుడు వేరు. ఈ మూడింటినీ గుర్తుపట్టగలిగిన రోజున గేమ్ సగం చేతికొచ్చినట్టే. సీలింగ్ వెంట్ నుంచి చొంగ కారుతోందంటే అది పైన కాచుక్కూర్చుందని అర్థం, ఆ కింద నుంచి వెళ్తే లాగేసుకుంటుంది. టీవీ స్పీకర్లతోనో ఫోన్ స్పీకర్‌తోనో ఆడి ఇది అన్యాయమైన గేమ్ అని తిట్టేవాళ్లని చూశాను. వాళ్లకి అందాల్సిన సమాచారంలో ఎక్కువ భాగం అందలేదు, అంతే.

చుట్టూ కదిలేవాటిని తెర మీద చుక్కలుగా చూపించే మోషన్ ట్రాకర్ విషయంలో కొత్తవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది, దాన్ని చేతిలో పట్టుకునే నడుస్తారు. దాని బీప్ శబ్దం దగ్గర్లో ఉన్న ఏలియన్‌కి వినపడుతుంది. పైగా అది కదిలే వాటినే చూపిస్తుంది. ఏలియన్ నిలబడిపోతే చుక్క మాయమవుతుంది, మనం దారి ఖాళీ అనుకుంటాం. చుక్క ఏ దిక్కులో ఉందో తెలుస్తుంది కానీ అది నేల మీద ఉందో పైన వెంట్‌లో ఉందో తెలియదు. అది చెప్పగలిగేది చెవులే. ఒక్క క్షణం తీసి చూడటం, వెంటనే దించేయడం, తలుపు దాటాక మళ్లీ చూడటం, ఇదీ పద్ధతి. ట్రాకర్ పైకెత్తినప్పుడు వెనకున్న గది మసకబారుతుంది, చూపు ట్రాకర్ మీద పెట్టాలా గది మీద పెట్టాలా అన్నది మనమే మార్చుకోవాలి. అంత చిన్న విషయంలో అంత టెన్షన్ పెట్టిన గేమ్ నేను ఇంకోటి చూడలేదు.

ఏలియన్ బుర్ర ఎలా పనిచేస్తుందో తెలిశాక నాకు భయం తగ్గలేదు కానీ ఆడే తీరు మారింది. ఏలియన్ వెనక రెండు భాగాలున్నాయి. పైన డైరెక్టర్ లాంటిది ఒకటి ఉంటుంది, దానికి మనమెక్కడున్నామో, ఏలియన్ ఎక్కడుందో రెండూ తెలుసు. అది ఏలియన్‌కి మన చోటు చెప్పేయదు, ఫలానా వైపు వెతుకు అని మాత్రం తోస్తుంది. అక్కడికి వచ్చాక ఏలియన్ తన కళ్లతో, చెవులతోనే మనల్ని పట్టుకోవాలి. మన మీద ఒత్తిడి మరీ ఎక్కువైందని లెక్క తేలితే డైరెక్టర్ దాన్ని కాసేపు వెనక్కి, వెంట్లలోకి పంపిస్తుంది. అంటే మన చుట్టూ దాని రాకపోకలకి ఒక వరుస ఉంది. వచ్చి వెతుకుతుంది, దొరక్కపోతే పైకెక్కుతుంది, కాసేపటికి మళ్లీ దిగుతుంది. మనం కదలాల్సింది అది పైకెక్కిన చప్పుడు విన్న వెంటనే. ఇంకాసేపు ఆగుదాం, అది బాగా దూరం పోనిద్దాం అని దాక్కునే ఉంటే దొరికిన సమయం చేజారిపోతుంది, అది మళ్లీ మన దగ్గరే దిగుతుంది. వేగంగా వచ్చే శత్రువు ఎదుట మనకి సహజంగా తోచే పని కదలకుండా ఉండటం. ఈ గేమ్‌లో కొంతవరకు అది సరే, ఆ తర్వాత అదే ప్రాణం తీస్తుంది.

లాకర్ల గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. లాకర్‌లోకి దూరితే ప్రాణం కుదుటపడినట్టు ఉంటుంది. ఏలియన్ దగ్గరికొచ్చి వాసన చూసినప్పుడు వెనక్కి జరిగి ఊపిరి బిగపట్టాలి, ఎక్కువసేపు బిగపడితే ఆరోగ్యం తగ్గుతుంది, వదిలితే అది వింటుంది. మొదటి కొన్ని సార్లు ఈ సీన్ అద్భుతంగా ఉంటుంది. కానీ లాకర్‌లో ఉన్నవాళ్లకి ఇక వేరే దారి లేదు. అదే బల్ల కిందో, ఆసుపత్రి మంచం వెనకో ఉంటే అది ఇటు వస్తుంటే మనం అటు జరగొచ్చు. గది మధ్యలో ఉండే కౌంటర్ నాకు అన్నిటికంటే ఇష్టం, దాని చుట్టూ వంగి నడుస్తూ ఏలియన్ వీపు వెనకే ఉండొచ్చు. హార్డ్‌లో ఆడేటప్పుడు లాకర్‌ని చివరి దారిగానే ఉంచుకుంటాను. లాకర్లనే నమ్ముకుని ఆడిన ఆటల్లో అది లాకర్ల ముందు ఎక్కువసేపు ఆగుతున్నట్టు కూడా అనిపించింది. దాని ప్రవర్తనలో కొన్ని భాగాలు మొదట్లో తాళం వేసి ఉంటాయి, మనం ఆడే కొద్దీ తెరుచుకుంటాయి కాబట్టి ఆ అనుమానం ఊరికే వచ్చింది కాదు.

మంటలు చిమ్మే ఆయుధం ఫ్లేమ్‌త్రోవర్ దొరికాక ఆట రంగు మారుతుంది. దాంతో ఏలియన్‌ని చంపలేం కానీ నిప్పు తగిలితే అది వెనక్కి తిరిగి వెంట్‌లోకి పారిపోతుంది. దూరంగా ఉండగానే కంగారుపడి కాలిస్తే ఫ్యూయల్ వృథా. దగ్గరికి రానిచ్చి చిన్న మంట ఒకటి వదిలితే చాలు. ఒక్కోసారి మంట చూపించినంత మాత్రాన ఆగుతుంది. కానీ దీన్ని ఎన్నిసార్లు వాడితే దానికి అంత ధైర్యం పెరుగుతుంది, వెనక్కి తగ్గినా త్వరగానే తిరిగొస్తుంది. అందుకే నేను దీన్ని ఒక్క పనికే దాచుకుంటాను: చాలాసేపటిగా సేవ్ చేయకుండా సేవ్ స్టేషన్ దాకా వచ్చినప్పుడు అది ఎదురైతే. దాన్ని తరిమిన ఆ కొద్ది క్షణాలే ఈ గేమ్‌లో ధైర్యంగా పరిగెత్తగలిగే సమయం. మోలోటోవ్‌లు, అంటే విసిరే నిప్పు సీసాలు కూడా ఇదే పని చేస్తాయి. చప్పుడు చేసే నాయిస్‌మేకర్ వేరు, దాన్ని మనకి దూరంగా విసిరితే ఏలియన్ అటు పోతుంది. ఆయుధాలతో ఉన్న మనుషుల గుంపు దారికి అడ్డంగా ఉంటే నాయిస్‌మేకర్‌ని వాళ్ల మధ్యలోకి విసిరి బల్ల కింద కూర్చోవచ్చు. మిగతా పని ఏలియన్ చూసుకుంటుంది. మొదటిసారి అలా చేశాక వచ్చిన అరుపులు విని నాకు చాలాసేపు మనసు బాగోలేదు.

సేవ్ చేయడం కూడా ఆటలో భాగమే. గోడకున్న యంత్రంలో కార్డ్ పెట్టి, మూడు లైట్లు వెలిగేదాకా నిలబడాలి. ఆ సమయంలో ఆట ఆగదు, వెనక నుంచి ఏలియన్ వచ్చి చంపేయొచ్చు. రెండు స్టేషన్ల మధ్య దూరం ఎక్కువ ఉన్న చోట్ల చాలాసేపు పడ్డ కష్టం ఒక్క చావుతో పోతుంది. ఏలియన్ వేగం మీద నాకు ఫిర్యాదు లేదు, ఈ దూరాల మీద ఉంది. మనం అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి అది సరిగ్గా మన ఎదుటి వెంట్ నుంచే దిగుతుంది, అప్పుడు చేయగలిగింది ఏమీ ఉండదు. ఆ దురదృష్టం అప్పుడప్పుడు తప్పదు, కానీ దానికి అంత శిక్ష అక్కర్లేదు.

గేమ్ నిడివి కూడా ఎక్కువే. మొత్తం పద్దెనిమిది మిషన్లు. పదో మిషన్ తర్వాత ఏలియన్ కొంతకాలం పక్కకి తప్పుకుంటుంది, వర్కింగ్ జో అనే ఆండ్రాయిడ్‌లు (మనిషి ఆకారపు రోబోలు) ముందుకొస్తాయి. తెల్లటి రబ్బరు మొహాలతో, మర్యాదగా మాట్లాడుతూ, తాపీగా నడిచొచ్చి గొంతు పట్టుకుంటాయి. మొదట్లో అవి నిజంగా భయపెడతాయి. కానీ పరిగెత్తవు, కాబట్టి వాటి నుంచి పరిగెత్తి తప్పించుకోవచ్చు. ఆ సంగతి తెలిశాక భయం పోయి విసుగు మిగులుతుంది. వేగం తీసేస్తే ఈ గేమ్‌లో ఎంత పోతుందో ఆ మిషన్లు ఆడితే అర్థమవుతుంది. ఆయుధాలున్న మనుషులు ఇంకా బలహీనం, వాళ్ల తెలివి ఏలియన్ తెలివి పక్కన తేలిపోతుంది. మళ్లీ ఏలియన్ తిరిగొచ్చాక, ముఖ్యంగా రియాక్టర్ లోపలికి దిగే భాగంలో, గేమ్ పూర్వపు పట్టు అందుకుంటుంది.

చూడటానికి మాత్రం ఇప్పటికీ ఏ లోటూ లేదు. 1979 సినిమా నాటి సెట్ల ఫొటోలు, డ్రాయింగులు, శబ్దాలు సినిమా స్టూడియో నుంచి తెప్పించుకుని పనిచేశారు. ఆకుపచ్చ అక్షరాల కంప్యూటర్లు, లావుపాటి స్విచ్చులు, క్యాసెట్ల లాంటి రికార్డర్లు అన్నీ ఆ కాలం వాళ్లు ఊహించిన భవిష్యత్తులోవే. తెరల మీద కనిపించే వీడియోల్లో గీతలు రావడం కోసం వాటిని నిజంగానే వీహెచ్ఎస్ టేప్ మీద రికార్డ్ చేసి వాడారు.

పీఎస్4లో కెమెరా ఉంటే, ఎక్స్‌బాక్స్ వన్‌లో కినెక్ట్ (మైకున్న కెమెరా) ఉంటే మన గదిలో చప్పుడు కూడా ఏలియన్‌కి వినిపించేలా పెట్టుకోవచ్చు. మా బాబాయి కొడుకు ఇంట్లో అలా ఆడుతుండగా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది, ఏలియన్ తిన్నగా మేం దాక్కున్న బల్ల దగ్గరికే వచ్చింది. కుదిరితే ఒక్కసారైనా ఆ సెట్టింగ్ పెట్టి ఆడండి.

ఫోన్‌లో ఆడాలనుకునేవాళ్లకి: ఫెరల్ ఇంటరాక్టివ్ దీన్ని 2021 డిసెంబర్‌లో ఐఫోన్‌కి, ఆండ్రాయిడ్‌కి తెచ్చింది. కుదించిన గేమ్ కాదు, మొత్తం గేమ్, అదనపు భాగాలన్నిటితో సహా. తెర మీద బటన్లని మనకి వీలైన చోట పెట్టుకోవచ్చు. ఫ్లేమ్‌త్రోవర్ తీసి గురిపెట్టాల్సిన ఆ అర క్షణంలో మాత్రం తెర మీద వేళ్లు తడబడతాయి, కాబట్టి బ్లూటూత్ కంట్రోలర్ ఉంటే మంచిది. వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. చవక బ్లూటూత్ వాటిలో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, ఈ గేమ్‌లో ఆ ఆలస్యం చాలు చావడానికి. పగటి వెలుతురులో ఫోన్ తెర మీద చీకటి మూలలు అసలు కనిపించవు.

డిఫికల్టీ విషయంలో, తయారుచేసినవాళ్లు హార్డ్‌లో ఆడమన్నారు, రెండోసారికి నేనూ అదే అంటాను. మొదటిసారి మీడియం చాలు. అందులో కూడా ఏలియన్ ఎదురైతే ప్రాణం పోతుంది, కానీ దాని నడక వినడం నేర్చుకునేంత సమయం ఇస్తుంది. విడుదలయ్యాక చేర్చిన నైట్‌మేర్‌లో మ్యాప్ ఉండదు, ట్రాకర్ నమ్మకంగా పనిచేయదు, ఫ్యూయల్ చాలా తక్కువ దొరుకుతుంది. గేమ్‌ని కనీసం ఒకసారి పూర్తిచేసి, కేంద్రంలో దారులన్నీ గుర్తున్నవాళ్లు దాని జోలికి వెళ్లొచ్చు. ట్రాకర్ మీద ఆధారపడటం మానేసినవాళ్లకి నైట్‌మేర్ అనుకున్నంత కష్టం కాదు.

2024 అక్టోబర్‌లో, గేమ్‌కి పదేళ్లు నిండిన సందర్భంగా, రెండో భాగం పని మొదలైందని క్రియేటివ్ డైరెక్టర్ ఆల్ హోప్ ప్రకటించాడు. నాకు కావలసింది సేవ్ స్టేషన్లు ఇంకొంచెం దగ్గరగా, కథ ఇంకొంచెం పొట్టిగా. ఏలియన్ వేగం మాత్రం ఇప్పుడున్నంతే ఉండాలి.