పీఎల్ఎన్ లోగో రివ్యూ: మెరుపు బాగుంది కానీ మార్కులన్నీ నీలం గీతలకే

ఇండోనేసియాలో ఇళ్లకి కరెంటిచ్చే ప్రభుత్వ కంపెనీ పేరు పీఎల్ఎన్, అంటే పెరుసహాన్ లిస్త్రిక్ నెగారా. దాని గుర్తు నిలువు పసుపు పెట్టె, అందులో ఎర్ర మెరుపు, దానికి అడ్డంగా మూడు నీలం అలలు. అంతే, ఇంకేం లేదు. 1976 నుంచీ ఇదే అఫీషియల్. చదువు రానివాళ్లకి కూడా ఇది కరెంటోళ్లదని ఒక్క చూపులో తెలిసిపోతుంది, సగం మార్కులు అక్కడే ఇచ్చేశా.

ఇక కంపెనీ చెప్పుకునే అర్థాలు చూడాలి... పసుపంటే జనం బతుకుల్లో వెలుగట, ఉద్యోగుల ఉత్సాహం కూడా అదేనట, మెరుపంటే కరెంటు ప్లస్ చకచకా పని చేయడం, ఎరుపు ధైర్యం, నీలం నిలకడ. చివరికి ఆ పెట్టె కూడా పద్ధతిగా నడిచే సంస్థకి గుర్తట! నాలుగు గీతలు గీస్తే పద్ధతి వచ్చేస్తుందా, ఇది మరీ టూ మచ్.

కానీ ఆ మూడు అలలు మాత్రం సూపర్ అండి. ఉత్పత్తి, ట్రాన్స్‌మిషన్, డిస్ట్రిబ్యూషన్, ఒక్కోదానికి ఒక్కో అల. మన దగ్గర జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కం అని ముక్కలు చేసుకున్నాం కదా, అక్కడ మూడూ ఒకే గొడుగు కింద ఉన్నాయి కాబట్టి ఒకే పెట్టెలో పట్టాయి. 1945 అక్టోబర్ 27న, తర్వాత పీఎల్ఎన్‌గా మారిన సర్కారీ కరెంటు శాఖని పెట్టినప్పుడు ఉన్నది 157.5 మెగావాట్లే, పైగా అప్పుడు గ్యాస్ కూడా ఇందులోనే, 1965లో అది విడిపోయింది, లేకపోతే ఈ పెట్టెలో ఓ మంట బొమ్మ కూడా ఇరికించేవాళ్లేమో.

నిలకడ అన్నారు కదా, 2019 ఆగస్టు 4న జకార్తా, దాని చుట్టుపక్కలంతా గంటల తరబడి చీకటి, మెట్రో రైళ్లు కూడా ఆగిపోయాయి. గొడవ మొదలైంది ట్రాన్స్‌మిషన్ దగ్గరే, జావా దీవిలోని ఉంగారన్, పెమలాంగ్ ఊళ్ల మధ్య 500 కేవీ లైన్‌లో. మూడు అలల్లో ఒక్కటి తెగితే మిగతా రెండూ ఉండి ఏం లాభం, ఆ లెక్కన ఈ డిజైన్ చాలా నిజాయితీగా ఉన్నట్టే.

మైనస్‌లు కూడా ఉన్నాయి. ఫోన్ స్క్రీన్ మీద చిన్న ఐకాన్ సైజుకి తగ్గిస్తే మూడు అలలూ కలిసిపోయి ఒక నీలం మరకలా కనిపిస్తాయి. బ్లాక్ అండ్ వైట్ జిరాక్స్ తీస్తే ఎరుపు, నీలం రెండూ ఒకే బూడిద రంగు అయిపోతాయి, మెరుపేదో అలేదో వెతుక్కోవాల్సిందే. ఈ లోగోని జెండా మీద వేయాలంటే ఇంకో చిక్కు, గుడ్డేమో అడ్డం, పెట్టేమో నిలువు, మధ్యలో పెడితే రెండు పక్కలా బోలెడు ఖాళీ. పల్చటి గుడ్డ మీద ఒకవైపే ప్రింట్ కొడితే వెనకనుంచి చూసేవాళ్లకి మెరుపు తిరగబడి కనిపిస్తుంది, కాబట్టి రెండు వైపులా విడివిడిగా వేయించాలి, ఖర్చు కాస్త ఎక్కువైనా సరే.

రేటింగ్ 5కి 4.