రాడార్ డిటెక్టర్: ఎదురొచ్చే పోలీసు కారు దగ్గరే దీని అసలు పని

కొన్నేళ్లుగా నా కారు అద్దానికి రాడార్ డిటెక్టర్ అంటించి ఉంది, అంటే పోలీసులు స్పీడ్ కొలిచే రాడార్ తరంగాలను పసిగట్టి ముందే అరిచే చిన్న యంత్రం. ఏ కంపెనీదో చెప్పను గానీ నాలుగు వందల డాలర్ల పైనే అయింది. టెక్సాస్‌లో సొంత కార్లకు దీనికి అడ్డు లేదు. కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నా. పోలీసు కారు కదులుతూ రాడార్ వాడుతుంటే ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. మిగతా చోట్ల చాలావరకు గోలే.

ఎందుకో అర్థం కావాలంటే అవతలి పెట్టె, అంటే పోలీసు కారులోని రాడార్ సంగతి తెలియాలి. మా ఊరి పోలీసులు జనం కోసం నడిపే క్లాసులకు వెళ్లినప్పుడు ఒక ఆఫీసర్ పక్క సీట్లో కూర్చుని దాన్ని దగ్గర్నుంచి చూశాను. డాష్‌బోర్డు మీద చిన్న డిస్‌ప్లే, అందులో మూడు గళ్లు: ఎదుటి కారు స్పీడ్, లాక్ చేసిన స్పీడ్ (బటన్ నొక్కి నిలబెట్టుకున్న అంకె), పోలీసు కారు సొంత స్పీడ్. యాంటెన్నాలు ముందొకటి, వెనకొకటి. వదిలిన తరంగం రోడ్డుకీ పక్కనున్న బోర్డులకీ తగిలి తిరిగొచ్చేసరికి దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఆ తేడాను బట్టి రాడార్ తన కారు స్పీడ్ లెక్కేసుకుంటుంది. ఎదురొచ్చే కారుకు తగిలి వచ్చినదాంట్లో రెండు కార్ల స్పీడూ కలిసి ఉంటుంది. అందులోంచి సొంత స్పీడ్ తీసేస్తే మిగిలేది మనది. పోలీసు గంటకు 60 మైళ్లలో, మనం 75లో వెళ్తుంటే రాడార్‌కు కనబడేది 135. అందులోంచి 60 పోతే 75, అంతే.

పోలీసు రాడార్లు వాడే ఫ్రీక్వెన్సీ పట్టీల్లో ఒకటి కె బ్యాండ్. 24.15 గిగాహెర్ట్జ్‌లో పనిచేసే ఆ రాడార్‌లో గంటకు ఒక్కో మైలుకు 72 హెర్ట్జ్ తేడా వస్తుంది. 135 మైళ్లంటే దాదాపు 9,700 హెర్ట్జ్, మన చెవికి వినిపించేదే. అందుకే స్పీకర్లోంచి సన్నటి ఈల వస్తూనే ఉంటుంది. ఆ ఆఫీసర్ అంకె వైపు చూడకముందే ఈల విని ‘వీడు గట్టిగానే వస్తున్నాడు’ అనేస్తున్నాడు. బయల్దేరే ముందు పరీక్ష కూడా చూపించాడు. 35, 65 మైళ్ల స్పీడుకు సరిపడేలా కంపించే రెండు ట్యూనింగ్ ఫోర్కులు (కొడితే ఒకే స్వరంలో మోగే లోహపు కడ్డీలు) కొట్టి యాంటెన్నా ముందు పట్టుకుంటే సొంత స్పీడ్ 35 అనీ, 65లోంచి అది తీసేసి ఎదుటి కారు 30 అనీ పడింది, మా కారు మాత్రం పార్కింగ్‌లో ఆగే ఉంది.

ఈ పద్ధతిలో బలహీనత ఆ తీసివేతలోనే ఉంది. సొంత స్పీడ్ తక్కువగా పడితే ఆ తేడా అంతా మన నెత్తిన పడుతుంది. పక్కగా ఏటవాలు కోణంలో ఉన్న గోడను రాడార్ పట్టుకుని 60ని 57 అనుకుంటే మన 75 కాస్తా 78 అవుతుంది. ముందు పెద్ద ట్రక్కు ఉంటే ఇంకా తమాషా. స్టేషన్లో ఆగిన రైల్లో కూర్చున్నప్పుడు పక్క రైలు కదిలితే మనదే కదిలిందనుకుంటాం చూడండి, రాడార్ కూడా అలాగే ట్రక్కునే నేల అనుకుని సొంత స్పీడ్ తక్కువగా లెక్కేస్తుంది. అందుకే డిస్‌ప్లేలో పడిన సొంత స్పీడును స్పీడోమీటర్‌తో పోల్చి చూడాలని పోలీసులకు నేర్పిస్తారు. 1979లో మయామీ కోర్టులో రాడార్ మీద పెద్ద గొడవే జరిగింది. చెట్టు గంటకు 86 మైళ్లలో, ఇల్లు 28 మైళ్లలో ‘వెళ్తున్నట్టు’ రాడార్ చూపించిందని తేలడంతో జడ్జి ఆ సాక్ష్యాన్ని ఒప్పుకోలేదు. ఇప్పటి యంత్రాలు అంత అధ్వానంగా లేవు.

ఇక నా డిటెక్టర్ దగ్గరికి వస్తాను. పోలీసు రాడార్‌కు తరంగం వెళ్లి మళ్లీ రావాలి, డిటెక్టర్‌కు వస్తే చాలు. కాబట్టి పోలీసు మన స్పీడ్ చూడగలిగే దూరం కంటే చాలా ముందే ఇది పసిగడుతుంది. 287 హైవే మీద అమరిల్లో వైపు వెళ్లేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. రోడ్డు ఖాళీ, ముందు చిన్న ఎత్తు. డిటెక్టర్ మీద కెఎ బ్యాండ్ (పోలీసు రాడార్లు వాడే ఇంకో పట్టీ), 34.7 గిగాహెర్ట్జ్ అని సిగ్నల్ బలం చూపే ఒక్క గీత వెలుగుతుంది. కాసేపటికి రెండు, మూడు. ఎత్తు దాటాక అవతలి లేన్లలో నలుపు తెలుపు పోలీసు బండి వస్తూ కనబడుతుంది. నా అనుభవంలో తిరిగే బండ్లలో చాలామంది రాడార్‌ను ఆన్‌లోనే వదిలేస్తారు, అదే మనకు కలిసొచ్చేది.

ఊళ్లో మాత్రం దీంతో తలనొప్పి. పక్క కార్ల బ్లైండ్ స్పాట్ సెన్సర్లు చాలావాటిలో ఇదే కె బ్యాండ్. సూపర్‌మార్కెట్ ఆటోమేటిక్ తలుపులకూ అరుస్తుంది. ఒకసారి అరిచిన చోటును జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని నోరు మూసుకునే సౌకర్యం ఉంది, అది లేని మోడల్ అసలు కొనకండి. మా ఆవిడైతే ఊళ్లో ఉన్నంతసేపూ దాన్ని ఆఫ్ చేసేస్తుంది.

చెట్టు చాటున రాడార్‌ను స్టాండ్‌బైలో (తరంగం వదలకుండా సిద్ధంగా) పెట్టి, మనం దగ్గరికొచ్చాకే బటన్ నొక్కే పోలీసు ముందు ఇది పనికిరాదు. మన ముందు ఇంకో కారు ఉండి, దాని మీద నొక్కితేనే మనకు కబురు. రాడార్ బదులు లేజర్ వెలుతురుతో స్పీడ్ కొలిచే లేజర్ గన్ అయితే మరీ అన్యాయం. కిరణం సన్నగా సూటిగా వచ్చి మన కారుకే తగులుతుంది, డిటెక్టర్ అరిచేలోపు స్పీడ్ తీసేసుకుంటారు. హైదరాబాద్‌లో ట్రైపాడ్ మీద పెట్టే లేజర్ గన్లకు దీన్ని పట్టుకెళ్దామనుకునేవాళ్లకు చెప్పే మాట: అక్కర్లేదు.

వర్జీనియాలో, వాషింగ్టన్ డీసీలో ఇది నిషేధం. అమెరికా అంతటా పెద్ద కమర్షియల్ ట్రక్కుల్లోనూ అంతే. వర్జీనియాలోని యాష్‌బర్న్‌లోనో హెర్న్‌డన్‌లోనో ఉన్న చుట్టాలింటికి కారేసుకుని వెళ్తుంటే వర్జీనియా సరిహద్దు రాకముందే వైరు పీకి, డ్రైవర్ చేతికి అందకుండా డిక్కీలో పడేయండి.