ఐపీ పెట్టేలోపే భార్య పేరున రాసేసిన ఫ్లాట్: వెనక్కి రప్పించడానికి ఏ దారి మేలు?

"ఐపీ పెట్టేశాడట" అన్న, అంటే దివాలా పిటిషన్ వేశాడన్న కబురు అందగానే హైదరాబాద్‌లో అప్పు ఇచ్చినవాళ్లు ఎక్కువమంది చేసేవి రెండే పనులు. చేతిలో ఉన్న చెక్కు బ్యాంకులో వేసి బౌన్స్ కేసు పెడతారు, లేదా నలుగురూ కలిసి అతని ఇంటిముందు కూర్చుంటారు. దాంతో మనిషి మీద ఒత్తిడి పెరుగుతుందేమో గానీ ఆస్తి మాత్రం కదలదు. ఆ ఇల్లు అప్పటికే భార్య పేరునో, కొడుకు పేరునో, బావమరిది పేరునో రిజిస్టరై ఉంటుంది. కూతురి పెళ్లికని దాచిన డబ్బు, రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బు చేబదులుగా ఇచ్చి పోగొట్టుకున్నవాళ్లు "రిజిస్ట్రేషన్ అయిపోయిందిగా, ఇంకేం చేస్తాం" అని వదిలేస్తుంటే నిజంగా బాధేస్తుంది. రిజిస్టరైన పత్రాన్ని కూడా కోర్టు పక్కనపెట్టగలదు. దానికి మూడు దారులున్నాయి. ఏది ఎప్పుడు పనికొస్తుందో తెలియక గడువు దాటబెట్టుకోవడమే అసలు నష్టం.

లాయరు దగ్గరికి వెళ్లేముందే ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయండి. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోనో మీసేవలోనో దొరుకుతుంది. ఒక్కో డాక్యుమెంట్‌కు అందులో మూడు తేదీలుంటాయి: రాసినది, ఆఫీసులో దాఖలు చేసినది, రిజిస్టరైనది. పక్కనే డాక్యుమెంట్ రకం, మార్కెట్ విలువ, ప్రతిఫలం (ఆస్తికి బదులుగా ఇచ్చిన సొమ్ము) ఉంటాయి. గిఫ్ట్ సెటిల్‌మెంటా, సేల్ డీడా? ప్రతిఫలం ఎంత చూపించారు? ఏ తేదీన? ఏ దారి పట్టాలో తేల్చేవి ఈ మూడు సంగతులే. తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తీసుకుంటే డబ్బు ఎలా చెల్లించామని రాసుకున్నారో కూడా తెలుస్తుంది.

మొదటి దారి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 53వ సెక్షన్. అప్పులవాళ్లకు ఎగ్గొట్టాలనో, వాళ్లను తిప్పించుకోవాలనో చేసిన బదిలీని అప్పు ఇచ్చిన ఎవరైనా సవాలు చేయొచ్చు. మీ బాకీ మీద కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) వచ్చేదాకా ఆగాల్సిన పనిలేదు. కాకపోతే దావా మీ ఒక్కరి కోసం కాకుండా అప్పులవాళ్లందరి తరఫునా వేయాలి. అతను ఐపీ పెట్టినా పెట్టకపోయినా ఈ దారి ఉంటుంది. బదిలీ జరిగి ఎన్నేళ్లయింది అన్న లెక్క కన్నా, మోసం సంగతి మీకు ఎప్పుడు తెలిసింది అన్నది ముఖ్యం. తెలిసిన నాటి నుంచి 3 ఏళ్ల లోపు దావా వేయాలి.

బరువంతా రుజువు మీద ఉంటుంది. ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని మీరే చూపించాలి. మనసులో ఏముందో ఎవరూ రాసిపెట్టరు గనుక కోర్టు చుట్టూ ఉన్న పరిస్థితులు చూస్తుంది. లీగల్ నోటీసు అందిన వారానికే గిఫ్ట్ రాశాడా? ఉన్నదంతా ఒకేసారి రాసేశాడా? ఫ్లాట్ భార్య పేరున ఉన్నా కిరాయి ఇంకా అతని ఖాతాలోనే పడుతోందా, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ అతని ఫోన్ నుంచే వెళ్తోందా? అద్దెకున్నవాళ్ల దగ్గర, అసోసియేషన్ సెక్రటరీ దగ్గర దొరికే ఇలాంటి చిన్న కాగితాలు పెద్ద వాదనల కన్నా బలంగా నిలబడతాయి.

ఈ దారికి ఒక పెద్ద లోటుంది. నిజంగా బాకీ ఉన్న ఒక్కరికి ఆస్తి రాసిచ్చి మిగతావాళ్లకు చెయ్యి చూపిస్తే, అంతమాత్రాన అది 53 కింద మోసం కాదు. న్యాయస్థానాలు వందేళ్లకు పైగా ఇదే మాట చెబుతున్నాయి. "ముందు బావమరిది బాకీ తీర్చాను" అని పత్రాలతో నిరూపిస్తే మీ దావా అక్కడే ఆగిపోతుంది.

రెండో దారి 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. మనం ఐపీ అనే మాట వాడేది దీని గురించే. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చినా మామూలు వ్యక్తుల విషయంలో దాన్ని ఇంకా అమల్లోకి తేలేదు, అందుకే ఈ పాత చట్టం బతికే ఉంది. ఇందులోనూ కీలకమైన సెక్షన్ నంబరు 53 కావడంతో చాలామంది రెండింటినీ కలగలిపేస్తారు. ఈ 53 కింద ఎగ్గొట్టే ఉద్దేశాన్ని నిరూపించక్కర్లేదు. బదిలీ అయిన 2 ఏళ్లలోపు దాఖలైన పిటిషన్ మీద అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే చాలు, మంచి నమ్మకంతో తగిన సొమ్మిచ్చి కొన్నవాళ్లకు తప్ప మిగతావాళ్లకు చేసిన బదిలీని కోర్టు రద్దు చేయొచ్చు. పైగా 54వ సెక్షన్ మొదటి దారిలోని లోటును పూడుస్తుంది. అప్పులు తీర్చలేని స్థితిలో ఉండి ఒక్కరికే మేలు చేయాలని రాసిచ్చినది 3 నెలల లోపుదైతే అదీ రద్దవుతుంది.

పెళ్లిని ప్రతిఫలంగా చేసుకుని, పెళ్లికి ముందే చేసిన బదిలీకి ఈ చట్టం మినహాయింపు ఇస్తుంది. మన దగ్గర "అది అమ్మాయికి పసుపుకుంకుమ కింద ఇచ్చాం" అనే మాట వెంటనే వస్తుంది. పెళ్లయి పదేళ్లయ్యాక, అప్పులవాళ్లు గుమ్మం తొక్కుతున్నప్పుడు రాసిన పసుపుకుంకుమకు ఆ రక్షణ దొరకదు. పెళ్లి తేదీ, పత్రం తేదీ పక్కపక్కన పెట్టి చూడండి.

మూడో దారి ఐబీసీ, అంటే పైన చెప్పిన 2016 నాటి కొత్త దివాలా చట్టం. వ్యక్తుల్లో ఇది వర్తిస్తున్నది కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవాళ్లకే, అదీ 2019 డిసెంబర్ 1 నుంచి. 164, 165 సెక్షన్లు పాత చట్టం కన్నా గట్టివి. ఒకరికే మేలు చేసే చెల్లింపుల్లో బయటివాళ్లకు 6 నెలలు, బంధువులు, భాగస్వాముల వంటి దగ్గరివాళ్లకు 2 ఏళ్లు వెనక్కి వెళ్లొచ్చు. పెళ్లిని ప్రతిఫలంగా చూపినా అది తక్కువ విలువకు చేసిన, రద్దు చేయదగ్గ బదిలీ కిందికే వస్తుంది. అయితే ఆ గడువును దివాలా దరఖాస్తు పడిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. దానికి ముందు నడిచే తిరిగి చెల్లింపు ప్రణాళిక (బాకీలు ఎలా తీర్చాలో కుదుర్చుకునే ఏర్పాటు) విఫలమయ్యాక గానీ ఆ దరఖాస్తు రాదు. ఈలోపు నెలలు కరిగిపోయి పాత బదిలీలు గడువు దాటిపోతాయి. చేబదులు ఇచ్చిన మనలాంటివాళ్లు సొంతంగా ఎంచుకునే దారి ఇది కాదు. బ్యాంకు మొదలుపెడితే మన క్లెయిము అందులో వేసుకోవాలి.

తేదీలే ఎంత తేడా చేస్తాయో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. బేగంబజార్‌లో హోల్‌సేల్ వ్యాపారి. 2023 మార్చి 15న ఉప్పల్ ఫ్లాట్ భార్యకు గిఫ్ట్ రాశాడు. 2025 జనవరి 20న ఘట్‌కేసర్ ప్లాట్‌ను, బావమరిదికి నిజంగానే ఉన్న బాకీ కింద రిజిస్టర్ చేశాడు. ఫిబ్రవరిలో షట్టర్ దించి ఫోన్ ఆపేశాడు. ఏప్రిల్ 25న తనే ఐపీ పెట్టాడు.

ఏప్రిల్ 25 నుంచి వెనక్కి లెక్కపెడితే గిఫ్ట్‌కు 2 ఏళ్లు దాటాయి. ప్లాట్‌కు 3 నెలలు దాటి 5 రోజులు. పాత చట్టం కింద రెండూ చేజారాయి. ఫ్లాట్ మీద ఆస్తి బదిలీ చట్టం కింద పోరాడొచ్చు గానీ ఉద్దేశం నిరూపించాలి, ప్లాట్ మీద ఆశ తక్కువ. అదే అప్పులవాళ్లలో ఒకరు మార్చి 10న ముందుగా ఐపీ వేసి ఉంటే రెండు ఆస్తులూ గడువులో ఉండేవి.

అవును, అప్పు ఇచ్చినవాళ్లూ ఐపీ వేయొచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ, ఇది రాయడానికి ముఖ్యకారణం కూడా అదే. 500 రూపాయల బాకీ ఉన్నా చాలని చట్టంలో ఇప్పటికీ ఉంది. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి ఆస్తి రాసేయడం, ఇల్లో దుకాణమో వదిలి పరారవడం, బాకీలు చెల్లించడం ఆపేశానని నోటీసివ్వడం వంటివి దివాలా చర్యలు. అలాంటిది జరిగిన 3 నెలల్లోపు పిటిషన్ పడాలి. పై ఉదాహరణలో ఫిబ్రవరిలో షట్టర్ దించడమే ఆధారం. విచారణ తేలేలోపు ఆస్తులు చేజారకుండా మధ్యంతర రిసీవర్‌ను (ఆస్తులు చూసుకోవడానికి కోర్టు నియమించే వ్యక్తిని) వేయమనీ అడగొచ్చు.

దీనికీ ఇబ్బందులున్నాయి. వచ్చిన ఆస్తి రిసీవర్ చేతికి వెళ్తుంది, ప్రభుత్వ బకాయిలు, జీతాల వంటివి పోయాక మిగిలింది అందరికీ దామాషాగా పంచుతారు. కష్టపడి కేసు నడిపిన మీకూ, ఇంట్లో కూర్చున్నవాళ్లకూ వాటా ఒకే లెక్కన వస్తుంది. అప్పులవాళ్లు ఎక్కువమంది ఉండి, బదిలీ కొత్తదైతే నేను ఇదే దారి చెబుతాను. బదిలీ పాతదైనా, అప్పు ఇచ్చింది మీరూ మరొకరిద్దరే అయినా ఆస్తి బదిలీ చట్టం కింద దావా మేలు. ఆ దావా నడుస్తున్నందువల్ల నోటు మీద బాకీ దావా గడువు ఆగదు. ప్రోనోటు 3 ఏళ్ల లెక్క వేరే నడుస్తుంది, దాన్నీ కాపాడుకోవాలి.

ఇంకో చిన్న చిక్కు, కోర్టులది. ఐపీ అతను ఉండే లేదా వ్యాపారం చేసే చోట నడుస్తుంది, అంటే బేగంబజార్ వ్యాపారికి సిటీ సివిల్ కోర్టు. ఫ్లాట్ మీద దావా మాత్రం ఆస్తి ఉన్నచోట వేయాలి, ఉప్పల్ అయితే మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా పరిధి. తీర్పుకు ముందే జప్తు చేయించొచ్చుగా అని కొందరు అడుగుతారు. ఆ జప్తు అతని పేరున ఇంకా మిగిలి ఉన్న ఆస్తికే, ముందే చేతులు మారినదానికి కాదు. అందుకే దావా త్వరగా వేయాలి. ఈలోపు ఆ భార్య ఫ్లాట్‌ను సంగతేమీ తెలియని మూడో మనిషికి న్యాయమైన ధరకు అమ్మేస్తే అతన్ని చట్టం కాపాడుతుంది. దావా పడ్డాక కొన్నవాళ్లు మాత్రం తీర్పుకు కట్టుబడాల్సిందే.

మోసపోయింది అధిక వడ్డీ ఆశ చూపి డిపాజిట్లు వసూలు చేసిన సంస్థ చేతిలో అయితే విషయం వేరు. దానికి 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది, ఫిర్యాదు పోలీసుల ఆర్థిక నేరాల విభాగానికి వెళ్లాలి.

ఐపీ నోటీసు ఇప్పటికే ఇంటికి వచ్చి ఉంటే దాన్ని అటక మీద పడేయకండి. అందులో మీరు ప్రతివాది అని ఉంటుంది, భయపడక్కర్లేదు. హాజరై కౌంటర్ (రాతపూర్వక జవాబు) వేయండి, దాచిన ఆస్తుల ఈసీలు జతచేయండి. దివాలాదారుగా ప్రకటించాక కోర్టు అనుమతి లేకుండా కొత్త దావా వేయడం కుదరదు గనుక ఆస్తి బదిలీ చట్టం కింద వేయాలనుకుంటే ఆలోపే తేల్చుకోవాలి. ప్రకటించాక మీ బాకీని రుజువు చేసుకుని, ఫలానా గిఫ్ట్ డీడ్ రద్దుకు పిటిషన్ వేయమని రిసీవర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. రిసీవర్ కాదంటే, 54ఏ కింద కోర్టు అనుమతితో ఆ పిటిషన్ మీరే వేయొచ్చు. అప్పుడు ముందుగా అడిగేది ఆ సంతకమున్న కాగితాన్నే.