రెండేళ్ల ఎంఏ జర్నలిజం: చేరాలనుకునే వాళ్లకి నా రివ్యూ

హైదరాబాద్‌లో ఒక గవర్నమెంట్ యూనివర్సిటీలో రెండేళ్ల ఎంఏ జర్నలిజం చదివి ఇప్పుడు డిజిటల్ డెస్క్‌లో పనిచేస్తున్నా. ఎండాకాలం వస్తే చాలు, డిగ్రీ అయిపోయిన పిల్లలు "అక్కా, జాయిన్ అవ్వొచ్చా, జాబ్ వస్తుందా" అని అడుగుతూనే ఉంటారు, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసేస్తే నయం కదా అని రాస్తున్నా. రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. అందులో రెండు స్టార్లు ఒక్క మీడియా లా పేపర్‌కే ఇస్తా, ఎందుకో చెప్తా, అదే అసలు విషయం.

మా లా క్లాసు చెప్పింది ఒక అడ్వకేట్ సార్, గెస్ట్ ఫ్యాకల్టీ. కోర్టు అయిపోయాక సాయంత్రం నల్లకోటు చేతిమీద వేసుకుని వచ్చేవారు. పుస్తకం తెరిచింది తక్కువ. ఒక రోజు మా అందరికీ ఒకే ఎఫ్‌ఐఆర్ కాపీ ఇచ్చారు, అందులో పేర్లూ ఊళ్లూ అన్నీ ఆయన కల్పించినవే, చిన్నపిల్ల మీద జరిగిన లైంగిక దాడి కేసు. అరగంటలో ఐటమ్, అంటే వార్త, రాయమన్నారు. అందరం జాగ్రత్తగా పాప పేరు తీసేశాం, బాగానే రాశాం అనుకున్నాం. సార్ మా బ్యాచ్‌లో ఒకబ్బాయి రాసింది తీసుకుని గట్టిగా చదివారు. పాప పేరు లేదు, కానీ "ఫలానా మండలం ఫలానా గ్రామంలో కిరాణా కొట్టు నడుపుకునే వ్యక్తి కుమార్తె, స్థానిక ప్రాథమికోన్నత పాఠశాలలో ఆరో తరగతి" అని ఉంది. చదివి, కాగితం బల్ల మీద పెట్టి, "నేను ఇప్పుడు ఆ ఊళ్లో బస్సు దిగితే ఆ ఇల్లు కనుక్కోవడానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగారు. క్లాసులో ఒక్కరూ మాట్లాడలేదు.

తర్వాత సెక్షన్ చూపించారు. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం, 2012, సెక్షన్ 23. పేరు, అడ్రస్, ఫొటో, కుటుంబ వివరాలు, స్కూలు, ఉండే చుట్టుపక్కల ప్రాంతం, పిల్లని గుర్తుపట్టడానికి దారి తీసే ఏ వివరమైనా సరే బయటపెట్టకూడదు, పెడితే ఆర్నెల్ల నుంచి ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, రాసినవాడే కాదు పత్రిక యాజమాన్యం కూడా బాధ్యులే. పెద్దవాళ్ల విషయంలో పాత ఐపీసీ 228ఏ ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) వచ్చాక అది సెక్షన్ 72 అయింది. ఇవన్నీ నెట్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు, కాదనను. కానీ ఆ రోజు సార్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ రోజూ పనికొస్తుంది నాకు, జిల్లా నుంచి ఐటమ్ వచ్చిన ప్రతిసారీ ముందు అదే చూస్తా, పేరు తీసేశారా అని కాదు, ఇల్లు కనుక్కోవచ్చా అని. ఎన్ని ఛానెళ్లు మొహం బ్లర్ చేసి, తల్లిని మాత్రం క్లియర్‌గా చూపించి, వెనక ఇంటి నంబరు కూడా కనిపించేలా బైట్ తీసుకున్నాయో మీరు కూడా చూసే ఉంటారు. ఆ కెమెరా పట్టుకున్నవాళ్లకి ఈ ఒక్క క్లాసు దొరికుంటే బాగుండేదని నాకు నిజంగా అనిపిస్తుంది.

పరువు నష్టం కూడా అంతే. "నిజమే రాశాం కదా, ఏం చేస్తారు" అనేది బయట అందరూ అనే మాట. క్రిమినల్ పరువు నష్టంలో నిజం అని చూపిస్తే సరిపోదు, అది బయటపెట్టడం ప్రజల మేలు కోసం అని కూడా చూపించాలి. ఒకప్పుడు ఐపీసీ 499, 500, ఇప్పుడు బీఎన్‌ఎస్ 356. నోటీసు ఎలా ఉంటుంది, వస్తే ఎవరికి చెప్పాలి, రిపోర్టర్ దగ్గర ఏ ఏ కాగితాలు ఉండాలి, ఇవన్నీ ఆ సెమిస్టర్‌లోనే తెలిశాయి. జిల్లాల్లో పనిచేసే కంట్రిబ్యూటర్లు, అంటే ఊళ్ల నుంచి వార్తలు పంపేవాళ్లు, చాలామంది ఇవేవీ ఎవరూ చెప్పకుండానే ఏళ్ల తరబడి రాస్తున్నారు, ఏదైనా అయితే ఇరుక్కునేది మొదట వాళ్లే.

ఆర్టీఐ (సమాచార హక్కు) అసైన్‌మెంట్ గురించి కూడా చెప్పాలి. ఒక్కొక్కరం ఒక్కో ఆఫీసుకి దరఖాస్తు పెట్టాలి, 2005 చట్టం ప్రకారం ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే ఫస్ట్ అప్పీల్, అక్కడా కాకపోతే సమాచార కమిషన్. నాకు ఇచ్చిన ఆఫీసులో దరఖాస్తు తీసుకోవడానికే తిప్పారు, ఈ టేబుల్ కాదు ఆ టేబుల్ అన్నారు, చివరికి రిజిస్టర్ పోస్టులో పంపి ఎకనాలెడ్జ్‌మెంట్ దాచుకున్నా. జవాబు గడువు దాటాక వచ్చింది, అదీ సగం. ఆ అసైన్‌మెంట్ చూసే మేడమ్ ఆ సగం జవాబు చూసి "ఇందులో లేనిదే నీ వార్త" అన్నారు. ప్రశ్న అడిగే పద్ధతిలోనే సగం ఉంటుందని అప్పుడు అర్థమైంది, "వీధి దీపాల మీద ఎందుకు శ్రద్ధ పెట్టట్లేదు" అని రాస్తే ఎవరూ జవాబివ్వరు, "ఫలానా వార్డులో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు దీపాల రిపేర్లకి చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వండి" అంటే ఇవ్వక తప్పదు.

ఇక హిస్టరీ పేపర్. దీన్ని అందరూ బట్టీ పట్టి పాసైపోతారు, ఏ పత్రిక ఏ సంవత్సరం, ఎడిటర్ ఎవరు, కృష్ణా పత్రిక 1902, ఆంధ్రపత్రిక 1908, గోలకొండ పత్రిక 1926, ఈనాడు 1974, అయిపోయింది. అలా చదివితే ఏమీ మిగలదు. పాత సంచికలు చదవండి, ప్రెస్ అకాడమీ వాళ్లు పాత తెలుగు పత్రికలు చాలా స్కాన్ చేసి పెట్టారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు, ఆంధ్రపత్రిక పెట్టింది ఆ తర్వాత, ఆ వ్యాపారం డబ్బే పత్రికకి అండ. పత్రిక ఎవరి డబ్బుతో నడుస్తుంది అన్న ప్రశ్న ఈరోజు పుట్టింది కాదని నాకు అక్కడే తెలిసింది. గోలకొండ పత్రిక ఎడిటర్ సురవరం ప్రతాపరెడ్డి గారు నిజాం రాజ్యంలో తెలుగులో పత్రిక నడపడం అంటే ఏంటో ఆ సంచికలు చూస్తేనే తెలుస్తుంది, తెలంగాణలో కవులే లేరన్న మాటకి జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక 1934లో తెచ్చారు, వాదించుకుంటూ కూర్చోకుండా ఊళ్ల నుంచి ఆధారాలు పోగుచేసి ముందు పెట్టారు, అంతకన్నా మంచి రిపోర్టింగ్ పాఠం ఇంకోటి నాకు తెలీదు. ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ని 1948 ఆగస్టులో ఇదే హైదరాబాద్‌లో రాతల కోసమే చంపారు. సిలబస్‌లో అది రెండు లైన్లే ఉంటుంది, కనీసం ఒక పూర్తి క్లాసు ఉండాలి.

ఇప్పుడు పోయిన ఒకటిన్నర స్టార్ల సంగతి.

థియరీ పేపర్లు. లాస్‌వెల్, షానన్-వీవర్ కమ్యూనికేషన్ మోడళ్లు, అజెండా సెట్టింగ్ (ఏ వార్త ముఖ్యమని జనం అనుకోవాలో మీడియా ఎలా తేలుస్తుంది అన్నది), అన్నీ ఇంగ్లిష్ పుస్తకాలే, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లో చాలా నలిగిపోతారు. మా క్లాసులో ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు, అద్భుతంగా తెలుగు రాసేవాళ్లు, ఈ పేపర్ల దగ్గర మాకు రాదేమో అని మానేద్దామనుకున్నారు. తెలుగులో పరీక్ష రాయనిస్తారు కానీ తెలుగులో నోట్స్ ఎవరూ ఇవ్వరు, సీనియర్ల జిరాక్స్ కాపీలే దిక్కు. నిజానికి అజెండా సెట్టింగ్ అర్థం కావడానికి పుస్తకం కూడా అక్కర్లేదు, ఒకే రోజు మన తెలుగు పేపర్లన్నీ కొని నేలమీద పరిచి బ్యానర్లు వరసగా చూస్తే చాలు, ఒకదాంట్లో ఎనిమిది కాలమ్‌ల వార్త ఇంకోదాంట్లో లోపలి పేజీలో సింగిల్ కాలమ్. మేమే హాస్టల్లో అలా చేసుకున్నాం, ఆ తర్వాతే క్లాసు ఎక్కింది. ఆ పని క్లాసులో చేయించొచ్చు కదా అనేదే నా బాధ.

కెమెరాలు ఉన్నాయి, బీరువాలో. తాళం ఒకరి దగ్గర, సంతకం ఇంకొకరిది, పాడైతే ఎవరు కట్టాలి అన్న భయంతో బయటికి ఇవ్వరు. మేం టీవీ పేపర్ ప్రాక్టికల్స్ మొత్తం ఫోన్లతోనే చేశాం, పీటూసీలు, అంటే కెమెరా వైపు చూసి వార్త చెప్పే ముక్కలు, లైబ్రరీ మెట్ల మీద. స్టూడెంట్స్ ప్రాక్టీస్‌కి తెచ్చే పత్రిక, ల్యాబ్ జర్నల్, ఒకప్పుడు ప్రింట్ అయ్యేదట, మా టైంకి పీడీఎఫ్ అయిపోయింది. పీడీఎఫ్ తప్పు కాదు, కానీ అచ్చుకి వెళ్లే పేజీ అంటే భయం వేరు, ఈ హెడ్డింగ్ పట్టట్లేదు, ఈ ఐటమ్ రెండు లైన్లు కొట్టెయ్, ఇంకో పది నిమిషాల్లో పేజీ పోవాలి అనే ఒత్తిడి లేకుండా సబ్ ఎడిటింగ్ రాదు. పర్మనెంట్ పోస్టులు ఖాళీగా ఉండి క్లాసులు గెస్ట్ ఫ్యాకల్టీ మీదే నడుస్తున్నాయి, వాళ్లకి జీతాలు టైంకి రావు, అయినా వచ్చి చెప్పేవాళ్లు ఉన్నారు చూడండి, వాళ్లకి దండం పెట్టాలి.

టైపింగ్ ఎవరూ నేర్పరు, ఇది రాసి పెట్టుకోండి. ఏ డెస్క్‌లో చేరినా మొదటి రోజు అడిగేది తెలుగు టైపింగ్ వచ్చా అనే. కొన్ని ఆఫీసుల్లో ఇంకా అను ఫాంట్లు, కొన్నిచోట్ల యూనికోడ్, కీబోర్డులు వేరు వేరు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు చేసుకోవడం అలవాటైనవాళ్లు డెస్క్ స్పీడ్‌కి తట్టుకోలేరు. మొదటి సెమిస్టర్‌లోనే ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు నేర్చేసుకోండి, రోజూ ఒక ఎడిటోరియల్ కొట్టండి.

"మరి పేపర్ల సొంత స్కూళ్లు ఉన్నాయి కదా, అక్కడ స్టైపెండ్ కూడా ఇస్తారు కదా" అని అడుగుతారు. నిజమే, ఈనాడు లాంటి వాళ్ల స్కూల్లో సీటొస్తే తెలుగు రాయడం, అనువాదం, హెడ్డింగులు గట్టిగా నేర్పిస్తారు, ఆ శిక్షణ నుంచి వచ్చిన సబ్ ఎడిటర్ల పక్కన కూర్చుని పనిచేశా కాబట్టి చెప్తున్నా, మేం రెండేళ్లలో రాయనంత వాళ్లు కొన్ని నెలల్లో రాస్తారు. డెస్క్ ఉద్యోగమే టార్గెట్, ఇంట్లో డబ్బు తొందరగా కావాలి అంటే అదే మంచిది, మొహమాటం లేకుండా చెప్తా. కానీ అక్కడ తయారయ్యేది ఆ పేపర్ కోసం, ఆ పేపర్ స్టైల్లో. యూనివర్సిటీలో ఏ యాజమాన్యం మీదైనా ప్రశ్న వేయొచ్చు, డబ్బు తీసుకుని వేసే వార్తల (పెయిడ్ న్యూస్) మీద డిసర్టేషన్ రాయొచ్చు, ఎవరూ ఆపరు. నా డిసర్టేషన్ జిల్లా కంట్రిబ్యూటర్ల మీదే, లైన్ అకౌంట్ (అచ్చయిన లైన్లని బట్టి ఇచ్చే డబ్బు) మీద బతుకుతూ యాడ్స్ కూడా తెచ్చిపెట్టాల్సి వస్తే వాళ్లు రాసే వార్త ఏమవుతుంది అని. ఆ ఇంటర్వ్యూల్లో వాళ్లు చెప్పినవి ఏ ఆఫీసులో కూర్చున్నా నాకు తెలిసేవి కావు.

ఉద్యోగాలు: మా బ్యాచ్‌లో పేపర్, టీవీల్లో ఉన్నవాళ్లు సగం కన్నా తక్కువ. మిగతావాళ్లు పీఆర్ ఏజెన్సీలు, పార్టీల సోషల్ మీడియా టీంలు, కంటెంట్ రైటింగ్, యూజీసీ నెట్ రాసి లెక్చరర్ వైపు కొందరు. గవర్నమెంట్ పబ్లిక్ రిలేషన్స్ పోస్టులకి కొన్నిటికి జర్నలిజం డిగ్రీ అడుగుతారు, దానికోసమే చేరినవాళ్లూ ఉన్నారు, అందులో తప్పేం లేదు. స్టార్టింగ్ జీతం తక్కువే, హైదరాబాద్‌లో రూం అద్దె, మెస్ పోను మిగిలేది ఏమీ ఉండదు మొదటి ఏడాది, ఇంట్లో ఈ మాట ముందే చెప్పి ఒప్పించుకుని రండి.

ఖర్చు విషయంలో మాత్రం కంప్లయింట్ లేదు. తెలంగాణలో సీపీగెట్, ఏపీలో పీజీసెట్ ఎంట్రన్స్ రాయాలి, ఏ డిగ్రీ అయినా పర్లేదు, మాతో బీకాం, బీఎస్సీ వాళ్లూ చదివారు, వాళ్లకి బడ్జెట్ కాగితాలు, సైన్స్ వార్తలు మాకన్నా బాగా అర్థమయ్యేవి. ప్రైవేట్ మీడియా ఇన్‌స్టిట్యూట్లు లక్షల్లో తీసుకుని స్టూడియో చూపిస్తాయి, ఆ లైట్లు చూసి పడిపోకండి, లా ఎవరు చెప్తారో అడగండి.

కౌన్సెలింగ్‌కి ముందు ఒకసారి డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి సెకండియర్ వాళ్లని పట్టుకోండి, ఆఫీసులో అడగొద్దు. పోయిన సెమిస్టర్‌లో ల్యాబ్ జర్నల్ వచ్చిందా, వస్తే చూపించమనండి, అందులో క్యాంపస్ ఫంక్షన్ల ఫొటోలే ఉన్నాయా లేక ఎవరైనా బయటికెళ్లి రాసిన వార్త ఒక్కటైనా ఉందా చూడండి. ఇంటర్న్‌షిప్‌కి లెటర్ ఇచ్చి పంపేస్తారా, లేక వెళ్లినచోట ఏం చేశారో వెనక్కి వచ్చాక ఎవరైనా అడుగుతారా కనుక్కోండి. లా పేపర్‌కి అడ్వకేట్ ఎవరైనా వస్తున్నారా కనుక్కోండి. ఈ మూడింటికీ సరైన జవాబు దొరికిన డిపార్ట్‌మెంట్ చిన్న ఊళ్లో ఉన్నా సరే అక్కడే ఆప్షన్ పెట్టుకోండి. హైదరాబాదే కావాలని పట్టుబట్టొద్దు, కోర్టు, కలెక్టరేట్, గవర్నమెంట్ ఆసుపత్రి ఉన్న ఏ జిల్లా కేంద్రంలోనైనా రెండేళ్లకి సరిపడా వార్తలుంటాయి.

ఇంకేమైనా అడగాలంటే అడగండి, సిలబస్, పాత క్వశ్చన్ పేపర్లు నా దగ్గర ఉన్నాయి, పంపిస్తా.