మెటా యాడ్ లైబ్రరీ: తప్పుడు ప్రకటనను పట్టుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో కనబడే ప్రకటన ఎవరిది, ఎప్పటి నుంచి నడుస్తోంది, ఇంకా ఏయే రూపాల్లో తిరుగుతోంది అని చూసుకోవడానికి మెటా సంస్థ పెట్టిన ఉచిత సేవ యాడ్ లైబ్రరీ. 2018లో రాజకీయ ప్రకటనల కోసం మొదలైంది. 2019 మార్చి నుంచి అన్ని రకాల ప్రకటనలూ అందులోకి వచ్చాయి. అకౌంట్ అక్కర్లేదు, బ్రౌజర్‌లో తెరిస్తే చాలు.

వినియోగదారుణ్ణి తప్పుదారి పట్టించే ప్రకటనల మీద చాలా దేశాల్లో నిబంధనలున్నాయి. కానీ ఫిర్యాదు నిలబడాలంటే రుజువు కావాలి. రుజువు సంపాదించే పనిముట్టుగా చూస్తే ఈ లైబ్రరీ చాలా విలువైనది. దాని పెద్ద లోపం ఒక్కటే, అదే అసలు చోట దెబ్బ కొడుతుంది: మామూలు వ్యాపార ప్రకటన నడవడం ఆగిపోతే, ఐరోపా వంటి కొన్ని చోట్ల తప్ప లైబ్రరీలోంచి కూడా మాయమవుతుంది. ‘యాక్టివ్, ఇనాక్టివ్’ అని ఫిల్టర్ కనబడుతుంది కదా, పాతవి కూడా దొరుకుతాయనుకుంటాం. దొరకవు. రాజకీయ, ఎన్నికల ప్రకటనలైతే ఏడేళ్లు ఉంచుతారు. ఐరోపా సమాఖ్యలో డిజిటల్ సర్వీసెస్ చట్టం 39వ అధికరణ కింద ఏ ప్రకటననైనా చివరిసారి చూపిన రోజు నుంచి ఏడాది పాటు ఉంచి తీరాలి. ఎంతమందికి చేరింది, ఏ వయసు వాళ్లకు గురిపెట్టారు, డబ్బు ఎవరు కట్టారు అన్నవీ అక్కడ కనబడతాయి. అంటే ఈ వివరాలు చూపించడం సంస్థకు చేతకాక కాదు. చట్టం గట్టిగా అడిగిన చోట చూపిస్తోంది, అడగని చోట దాస్తోంది. ఈ సేవకు పూర్తి మార్కులు వేయలేకపోవడానికి ప్రధాన కారణం ఇదే.

వెతకడం విషయానికొస్తే, మొదట దేశం ఎంచుకోవాలి, తర్వాత ‘అన్ని ప్రకటనలు’ అన్న వర్గం. చాలామంది ఇక్కడే పొరబడతారు. ప్రకటన ఏ దేశంలో చూపిస్తున్నారో ఆ దేశం ఎంచుకుంటే అది బయటపడుతుంది. వేరే దేశం పెట్టి వెతికి, ఏమీ రాకపోతే ప్రకటనే లేదనుకుని వదిలేస్తారు. ఫీడ్‌లో ప్రకటన కళ్లముందే ఉంటే ఇంకో దారి సులువు: ఆ పేజీ పేరు నొక్కి, ‘అబౌట్’లో ‘పేజ్ ట్రాన్స్‌పరెన్సీ’ తెరిస్తే అక్కణ్నుంచి నేరుగా లైబ్రరీకి వెళ్లొచ్చు. పేజీ గోడ మీద ఎక్కడా కనబడకుండా కేవలం ప్రకటనగా మాత్రమే తిరిగే పోస్టులు కూడా ఇక్కడ దొరుకుతాయి. పేజీ చూస్తే మర్యాదగా ఉంటుంది, ప్రకటనలు చూస్తే ‘పది రోజుల్లో షుగర్ మాయం’ అని ఉంటుంది. ఆ తేడా చూపించడంలో ఈ లైబ్రరీకి సాటి లేదు.

తెలుగులో మాట పెట్టి వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ‘మోకాళ్ల నొప్పి’ అని కొడితే వచ్చేవి వేరు, ‘మోకాళ్ళ నొప్పి’ అని కొడితే వచ్చేవి వేరు కావచ్చు. రెండూ ప్రయత్నించాలి. అదే మాట ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేవాళ్లూ ఉంటారు, అలా కూడా వెతకాలి. మోసగాళ్లు పట్టుబడకుండా అక్షరాల మధ్య చుక్కలు, గుర్తులు దూర్చి రాస్తారు. కాబట్టి మందు పేరుతో దొరక్కపోతే ప్రకటనలో పదే పదే వచ్చే మామూలు వాక్యం ఒకటి పట్టుకుని వెతికితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

వెతికాక ఒక్కో ప్రకటనా ఒక్కో కార్డులా కనబడుతుంది. ఆ కార్డు మీద మూడు సంగతులు ముఖ్యం: లైబ్రరీ ఐడీ (ఆ ప్రకటనకిచ్చిన నంబరు), మొదలైన తేదీ, ఎక్కడెక్కడ నడుస్తోందో చెప్పే గుర్తులు. వీటిలో తేదీ చేసే మేలు చాలామందికి తెలియదు. ‘ఈ రాత్రి 12 వరకే సగం ధర’ అని అరిచే ప్రకటన నలభై రోజుల కిందట మొదలైందని కార్డు మీద కనబడిందంటే, అబద్ధానికి సాక్ష్యం ప్రకటనే ఇస్తున్నట్టు. లేని గడువు చూపించి తొందరపెట్టడం ఐరోపా అనుచిత వ్యాపార పద్ధతుల ఆదేశంలో పూర్తిగా నిషిద్ధమైన వాటి జాబితాలో ఉంది. భారత్‌లో 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్‌ల (కొనేవాణ్ణి మభ్యపెట్టే ఆన్‌లైన్ ఎత్తుగడల) మార్గదర్శకాల్లో పేర్కొన్న పదమూడింటిలో కూడా ఈ ‘తప్పుడు తొందర’ ఉంది. అయితే తేదీని గుడ్డిగా నమ్మకూడదు. అదే ప్రకటనను కాపీ చేసి కొత్తగా వేస్తే ఐడీ మారుతుంది, తేదీ మళ్లీ మొదటికొస్తుంది. ఈరోజు తేదీతో ఒకే బొమ్మ, ఒకే మాటలున్న కార్డులు వరసగా కనబడితే ఆ పనే జరుగుతోందని అనుమానించాలి. రెండు మూడు రోజులు వరసగా చూసి ఫొటోలు తీసి పెట్టుకుంటే ఆ అనుమానం తేలిపోతుంది.

పేజ్ ట్రాన్స్‌పరెన్సీలో పేజీ పుట్టిన తేదీ, పాత పేర్లు, నడిపేవాళ్లు ఏ దేశంలో ఉన్నారన్నది చూపిస్తారు. ప్రముఖుల ముఖం, గొంతు కృత్రిమంగా తయారుచేసి పెట్టుబడి పథకాలు అమ్మే వీడియోల విషయంలో ఇది బాగా పనికొస్తుంది. నిన్నటిదాకా వంటల పేజీ, ఇవాళ ‘ఆర్థిక వార్తలు’. ఊరేమో ఇక్కడిదని చెబుతుంది, నడిపేవాళ్లు వేరే ఖండంలో ఉంటారు. ఇంత స్పష్టంగా ప్రతిసారీ ఉండదు గానీ, ఉన్నప్పుడు వదలకూడదు.

లైబ్రరీ చూపించలేనిది ఒకటుంది: లింకు నొక్కాక ఏమవుతుందన్నది. తనిఖీ చేసేవాళ్లకు ఒక పేజీ, కొనేవాళ్లకు మరో పేజీ చూపించే ఎత్తుగడ ప్రకటనల రంగంలో పాతదే, దాన్ని క్లోకింగ్ అంటారు. కంప్యూటర్‌లో, లైబ్రరీలోంచి ఆ లింకు తెరిస్తే బుద్ధిమంతుడి పేజీ వస్తుంది. ఫోన్‌లో, ఫీడ్‌లోని ప్రకటన నొక్కితే అసలు పేజీ వస్తుంది. అందుకే సాక్ష్యం రెండు చోట్లా తీయాలి. ఫోన్‌లో స్క్రీన్ రికార్డింగ్ మొదలుపెట్టి, ఫీడ్‌లో ప్రకటన కనబడ్డ దగ్గర్నుంచి బ్యాంకు కార్డు వివరాలు అడిగే పేజీ దాకా ఒకే వీడియోగా తీయండి, వివరాలు మాత్రం ఏవీ ఇవ్వకండి. ఆ పేజీ పూర్తి చిరునామా, చివర ఉండే పొడవాటి తోకతో సహా, కాపీ చేసి పెట్టుకోండి. ఆ తోకలోనే ప్రకటన నుంచి వచ్చిన జాడ ఉండొచ్చు. లైబ్రరీ కార్డును ఐడీ, తేదీ కనబడేలా పీడీఎఫ్‌గా భద్రపరచండి. ‘రిపోర్ట్’ బటన్ వీటన్నిటి తర్వాతే నొక్కాలి. ముందే నొక్కితే, సంస్థ వెంటనే ప్రకటన తీసేస్తే, చేతిలో ఏమీ మిగలదు. పైగా ఆ బటన్ నొక్కడం మెటాకు చెప్పడమే తప్ప ప్రభుత్వ సంస్థకు ఫిర్యాదు చేసినట్టు కాదు. ఆ ఫిర్యాదు విడిగా పెట్టుకోవాలి.

ఇన్‌ఫ్లుయెన్సర్ల సంగతిలో లైబ్రరీ బలహీనం. డబ్బు తీసుకుని మామూలు పోస్టులా పెడితే, దాన్ని బూస్ట్ చేయనంతవరకు, అంటే మెటాకు డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించనంతవరకు, అది ప్రకటనల వెతుకులాటలో రాదు. 2023లో బ్రాండెడ్ కంటెంట్ విభాగం చేర్చారు గానీ, క్రియేటర్ తనంతట తాను ‘పెయిడ్ పార్ట్‌నర్‌షిప్’ అని గుర్తు తగిలించిన పోస్టులే అందులో ఉంటాయి. దాచేవాడు దాచే ఉంటాడు. గుర్తు పెట్టినంత మాత్రాన బాధ్యత తీరిపోదు కూడా. ప్లాట్‌ఫామ్ ఇచ్చిన గుర్తు సరిపోతుందని అనుకోవద్దని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన సూచనల్లో స్పష్టంగానే చెప్పింది. డబ్బు తీసుకున్న సంగతి వీడియో అయితే వీడియోలోనే చెప్పాలి, లైవ్ అయితే మధ్యమధ్యలో మళ్లీ చెప్పాలి, అర్థం కాని పొట్టి మాటలు, ‘థాంక్యూ’ లాంటివి లెక్కలోకి రావు. డబ్బే కానక్కర్లేదు, ఉచితంగా ఇచ్చిన వస్తువు, చుట్టరికం కూడా చెప్పాల్సినవే. భారత్‌లో 2023 జనవరిలో వచ్చిన సూచనల సారమూ దాదాపు ఇదే.

పోలికకు గూగుల్ యాడ్స్ ట్రాన్స్‌పరెన్సీ సెంటర్‌ను చూడొచ్చు. 2023లో వచ్చింది. యూట్యూబ్, సెర్చ్ ప్రకటనలు అందులో ఉంటాయి. వెబ్‌సైట్ చిరునామా ఇచ్చి వెతకగలగడం, ధ్రువీకరించిన ప్రకటనదారు పేరు, దేశం చూపించడం దాని బలాలు. మెటా దగ్గర పేజీ పేరు ఒకటి, వెనకాల సంస్థ మరొకటి అయినప్పుడు ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది. కానీ ప్రకటనలోని మాటలతో వెతకడం అక్కడ కుదరదు, ఎవరిదో ముందే తెలిసుండాలి. కాబట్టి వాడే వరస ఇలా ఉంటే బాగుంటుంది: మాటతో మెటా లైబ్రరీలో వెతికి ప్రకటన పట్టుకోవాలి, అందులోంచి వెబ్‌సైట్ చిరునామా తీసి గూగుల్‌లో పెట్టాలి. ఒకే మోసం రెండు చోట్లా నడుస్తుంటే అక్కడ వేరే పేరు బయటపడొచ్చు.

ఎక్స్ (పాత ట్విటర్) ప్రకటనల నిల్వ మీద మాత్రం ఆధారపడలేం. 2025 డిసెంబరులో ఐరోపా కమిషన్ ఆ సంస్థకు 12 కోట్ల యూరోల జరిమానా వేసినప్పుడు చూపిన మూడు కారణాల్లో ఒకటి ఈ నిల్వే. ప్రకటనలో ఏముందో, దేని గురించో, డబ్బు కట్టింది ఎవరో అందులో లేవని, సమాచారం రావడానికి మరీ ఆలస్యమవుతోందని కమిషన్ తేల్చింది. అక్కడ కనబడిన ప్రకటనకైతే ఫోన్‌లో తీసుకున్న స్క్రీన్ రికార్డింగే మీ దగ్గరుండే అసలు సాక్ష్యం.