పాత చెట్లు కోసే మిషన్ కొంటున్నారా? బెజవాడలో నాకు జరిగింది చదివి వెళ్ళండి

గుంటూరు, బెజవాడ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ చైన్ సా కోసం తిరుగుతున్నవాళ్ళు డబ్బులు చేతిలో పెట్టే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. పోయిన నెల ఆటోనగర్ వైపు ఒక షాపులో 7,500కి తీసుకున్నాను. ఇప్పటికి రిపేర్లకే ఇంకో 3,800 అయ్యాయి, పని ఇంకా పూర్తి కాలేదు.

మా పొలం గట్టు మీద సుబాబుల్, నాలుగు తుమ్మ చెట్లు ఉన్నాయి, సొంత మిషన్ ఉంటే నాన్నకి తేలికవుతుందని వెళ్ళాను. బస్టాండ్‌లో దిగి షాపతనికి ఫోన్ చేశాను, నేను వెళ్ళేసరికి మిషన్ బయట పెట్టి రెడీగా ఉన్నాడు, ఒక్కసారి తాడు లాగగానే అందుకుంది. "చూశావుగా అన్నా, సింగిల్ పుల్" అన్నాడు. పక్కనున్న మునగ కొమ్మ కోసి చూపించాడు. మునగ మెత్తటి కర్ర, మొద్దుబారిన చైన్ కూడా కోసేస్తుంది, అది నాకప్పుడు తట్టలేదు. సైలెన్సర్ మీద చెయ్యి పెట్టి చూసినా తెలిసిపోయేది, నేను రాకముందే మిషన్ నడిపి వేడెక్కించి ఉంచాడని.

మర్నాడు పొద్దున ఇంటి దగ్గర పాతిక సార్లు లాగినా అందుకోలేదు. చోక్ వేసి, తీసి, ప్లగ్గు తుడిచి ఎలాగో స్టార్ట్ చేస్తే తుమ్మ దుంగ మీద పెట్టగానే పొగ తప్ప కోత లేదు, రాలేది అంతా పిండిలాంటి పొట్టు. పదునున్న చైన్ అయితే పేళ్ళు పేళ్ళుగా రాలాలి. పైగా కోత తిన్నగా దిగకుండా ఎడమకి వంకర తిరిగి బార్ (చైన్ తిరిగే పొడుగాటి ఇనప పట్టీ) దుంగలో బిగుసుకుపోయేది. మధ్యమధ్యలో స్టార్టర్ తాడు దేన్నీ పట్టుకోకుండా ఖాళీగా చేతికొచ్చేసేది.

గుంటూరులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను, పాతికేళ్ళుగా ఇవే మిషన్లు చూస్తున్నారు. స్టార్టర్ మూత విప్పగానే "బాబూ, ఇది చూడు" అని పిలిచారు. తెగిన తాడుకి మధ్యలో ముడి వేసి చుట్టేశారు. లోపల చక్రాన్ని పట్టుకోవాల్సిన రెండు చిన్న ప్లాస్టిక్ కొక్కేల అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి, ఇంక అవి దేన్ని పట్టుకుంటాయి? (ఆ మూత మీరు సొంతంగా విప్పకండి, లోపల చుట్టలా ఉన్న స్ప్రింగ్ ఎగిరి మొహానికి తగులుతుంది.) కార్బొరేటర్ లోపలి పొర మెత్తగా ఉండాల్సింది, అప్పడంలా బిగుసుకుపోయింది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు కదా, పాత మిషన్లలో రబ్బరు పైపులూ ఈ పొరా దానికి తట్టుకోవు, నెలల తరబడి ట్యాంకులో వదిలేస్తే ఇంకా త్వరగా పాడవుతాయని చెప్పారు.

అసలు దెబ్బ తర్వాత తెలిసింది. సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి టార్చి వేస్తే పిస్టన్ మీద నిలువునా గీతలు, గోరు పెడితే తగిలేంత లోతు. ఎప్పుడో టూటీ ఆయిల్ (ఇలాంటి ఇంజన్లకి పెట్రోల్లో కలిపే ఆయిల్) కలపకుండానో, సరిపోనంత కలిపో నడిపారు. మామూలుగా ఒక లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, కొన్ని పాత మోడళ్ళకి 40, మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఎంతుంటే అంతే పోయాలి. షాపులో నీలంగా వచ్చిన పొగకి కూడా ఆయన కారణం చెప్పారు, కంప్రెషన్ (ఇంజన్ లోపల పిస్టన్ గాలిని నొక్కే బలం) పడిపోయిన మిషన్‌కి ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త ఆయిల్ పోస్తే కాసేపు బలంగా ఉన్నట్టు నడుస్తుందట. నా మిషన్‌కి అదే చేసి ఉంటారన్నారు.

వంకర కోత సంగతి కూడా చూశారు. ఒక పక్క పళ్ళు పొడుగు, ఇంకో పక్క పళ్ళు పొట్టి, గ్రైండర్ మీద ఎలా పడితే అలా అరగదీశారు. సరే అని కొత్త చైన్ వేస్తే మళ్ళీ వంకరే. అప్పుడు బార్ ఊడదీసి గ్రానైట్ బండ మీద నిలబెట్టారు, పక్కకి ఒరిగిపోయింది, అంటే ఒక వైపు అంచు ఎక్కువ అరిగింది. ఆ బార్ ఉన్నంతకాలం ఆకురాయితో ఎంత పదును పెట్టినా లాభం లేదు.

కాబట్టి మీరు వెళ్ళినప్పుడు మిషన్ చల్లగా ఉంటేనే స్టార్ట్ చేయించండి, వేడిగా ఉంటే రెండు గంటలు ఆగండి, లేదా ఇంకో రోజు వెళ్ళండి. స్విచ్ ఆపి, తాడు పిడి పట్టుకుని మిషన్‌ని వేలాడదీయండి, మెల్లగా ఆగి ఆగి దిగితే కంప్రెషన్ ఉన్నట్టు, సర్రున జారిపోతే వదిలేయండి. సైలెన్సర్ విప్పి చూపించమనండి, రెండు మూడు స్క్రూల పని, ఒప్పుకోకపోతే కొనొద్దు. బార్ కొనని తెల్ల కాగితం వైపు పెట్టి వేగంగా తిప్పిస్తే కాగితం మీద ఆయిల్ చారలా పడాలి, పడకపోతే చైన్‌కి ఆయిల్ అందడం లేదు. కోసి చూడ్డానికి తుమ్మో వేపో అడగండి.

చైన్ బ్రేక్ మాత్రం మర్చిపోకండి. ముందున్న గార్డు ముందుకు తోస్తే చైన్ టక్కున ఆగాలి. నా మిషన్‌లో గార్డు కదిలింది, చైన్ తిరుగుతూనే ఉంది. బార్ కొన దేనికైనా తగిలి మిషన్ ఒక్కసారి మొహం మీదకి ఎగిరితే కాపాడేది ఆ బ్రేకే, అది లేకుండానే నాన్న రెండు రోజులు దాంతో కోశారని తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది. ఆ బ్రేకు బ్యాండ్ కోసమే ఇప్పుడు మిషన్ పెద్దాయన దగ్గరుంది, అది వేసి నేను స్వయంగా చూసుకునేదాకా నాన్న చేతికి ఇవ్వను.