తుఫానులో మా ఊరి కరెంటు: లైన్‌మన్‌కి ఐదు స్టార్లు, ఫోన్ నంబర్‌కి ఒకటి

మాది తెనాలి పక్క పల్లెటూరు. గాలివానప్పుడు ఇక్కడి లైన్‌మన్, ఆయనతో వచ్చే కుర్రాళ్లు చేసే పనికి ఐదు స్టార్లూ ఇచ్చేయొచ్చు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వరి చేలన్నీ నీళ్లే, ఆ బురదలో స్తంభాలు ఒరిగిపోయాయి, అయినా మోకాలి లోతులో నడుచుకుంటూ వెళ్లి, సప్లై ఆపించి, లైన్‌కి ఎర్తింగ్ పెట్టుకుని మరీ తెగిన 11 కేవీ తీగలు కలిపారు. కరెంటు తిరిగి ఇచ్చేది ఒక వరసలో: ముందు సబ్‌స్టేషన్, తర్వాత ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకొచ్చే లైన్), ఆ తర్వాతే వీధి ట్రాన్స్‌ఫార్మర్. పక్కూళ్లో లైటు వెలిగిందని వాళ్ల మీద అరిచే పెద్దమనుషులు ఇది తెలుసుకుంటే బాగుండు.

కంప్లైంట్ నంబర్ మాత్రం ఆ రాత్రి కలిస్తే ఒట్టు.

ఇంకోటి, తీగల మీదకి వాలిన సుబాబుల్ కొమ్మలు వానలకి ముందే కొట్టేస్తే సగం టెన్షన్ ఉండదు, అది చెయ్యరు. తొడుగున్న కేబుల్ వేసిన వీధిలో కొమ్మ రాసుకున్నా కరెంటు పోదు. మా బజారుకి ఎప్పుడేస్తారని అడిగితే "ఎస్టిమేట్ పంపాం అండీ" అంటారు, ఏటా అదే మాట.